అక్విడెక్టు మీద నుంచి అబ్రహాము తీసిన ఫొటో

1998 ఆగస్టులో నేరేళ్ళలంక రేవులో పడవ మునిగింది. "పడవలో ఉన్నది ఇరవై నలుగురే. ఆడవాళ్ళు కంగారుపడి ఒకే పక్కకి లేచి నిలబడటమే ప్రమాదానికి కారణం" అని మూడోనాడు పత్రికలో వార్త వచ్చింది. ఆ వార్త రాసింది నేనే. ముందు ఆ సంగతి ఒప్పుకోకుండా గెడ్డం అబ్రహాము గురించి రాసే అర్హత నాకు లేదు.

అప్పట్లో పి.గన్నవరంలో నాకు పుస్తకాల కొట్టు ఉండేది. దాంతోపాటు ఒక దినపత్రికకి విలేకరిగా పనిచేసేవాణ్ణి. నా కొట్టు పైన మేడగదిలో అబ్రహాము నడిపే షారోను ఫొటో స్టూడియో. వాళ్ళ నాన్న పాలేరుతనం చేసి బతికిన మనిషి. అబ్రహాము మిషను బడిలో పదో తరగతి దాకా చదువుకుని, అమలాపురంలో ఒక స్టూడియోలో ఆరేళ్ళు ప్రింట్లు కడిగి, చివరికి సొంతంగా ఈ గది అద్దెకి తీసుకున్నాడు. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు ఉన్నా, ఇల్లు గడిచేది మాత్రం మస్కట్, కువైట్ వెళ్ళేవాళ్ళ పాసుపోర్టు ఫొటోలతోనే. భార్య కృపావతి చీకటిగదిలో ప్రింట్లు వేసేది. ఆమె వేసిన ప్రింటుకి ఎవరైనా వంక పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

అబ్రహాముకి ఒక పిచ్చి ఉండేది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా తీయాలి. పెద్ద పత్రికల ఫొటోగ్రాఫర్లు వరదలప్పుడు మోచేతి పొడవు లెన్సులతో వచ్చి గట్టు మీద నిలబడితే, వాళ్ళ వెనక నిలబడి చూసేవాడు. అలాంటి లెన్సు కొనాలంటే స్టూడియో అమ్మినా చాలదు. అందుకని హైదరాబాదులో ఆదివారం పూట పేవుమెంటు మీద అమ్మే పాత లెన్సులు తెచ్చేవాడు. మర తిప్పి బిగించే రకం, లోపల బూజు పట్టినవి, ఎవరికీ అక్కర్లేనివి. వాటిని విప్పి, అద్దాలు తుడిచి, మళ్ళీ బిగించి, బల్బు వెలిగే చెక్కపెట్టెలో ఆరబెట్టేవాడు. మన గోదారి తేమకి బూజు మళ్ళీ పట్టకుండా ఆ బల్బు రాత్రింబవళ్ళు వెలిగేది.

ఒకసారి మస్కట్ నుంచి వచ్చిన కొండబాబు అనే కుర్రాడు ఒక నల్లటి ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అబ్రహాముగారండీ, లెన్సని కొన్నానండి. ఇందులోంచి చూస్తే ఏవీ కనపట్టంలేదండి."

అది లెన్సు కాదు, టెలీకన్వర్టరు. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగిస్తే దూరాన్ని సగం చేసి చూపిస్తుంది. రెండు వందల మిల్లీమీటర్ల లెన్సు నాలుగు వందలదైపోతుంది. అది ఊరికే రాదు. వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. లెన్సులో ఉన్న లోపం కూడా రెండింతలై కనిపిస్తుంది. పైగా ప్రతి కన్వర్టరూ ప్రతి లెన్సుతోనూ కుదరదు. ఒకదానితో బొమ్మ పాలలో ముంచినట్టు వస్తుంది, ఇంకోదానితో తేటగా వస్తుంది. ఏది దేనితో పడుతుందో పెట్టి చూడాల్సిందే.

అలా పెట్టి చూడటానికి అతనికి దొరికిన గురి నేరేళ్ళలంక పడవ. గోదారి పాయ మీదుగా కాలవని దాటించే అక్విడెక్టు గోడ మీద ఇసక సంచి వేసి, దాని మీద కెమెరా ఆనించి, మూడు వందల గజాల అవతల రేవులో కదిలే పడవని తీసేవాడు. పడవ పక్కన తారు పూసిన చెక్క మీద జానెడు పొడవున పదిహేడు అంకె తెల్లగా రాసి ఉండేది. ఆ అంకె అంచులు ఎంత పదునుగా వస్తే ఆ జోడీ అంత మంచిదన్నమాట. ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ లెన్సుకి ఏ కన్వర్టరు పెట్టాడో నోటుబుక్కులో రాసుకునేవాడు.

"మనుషులకి సంబంధాలు చూసేవాళ్ళు కూడా ఇంత చూడరండి రామ్మూర్తిగారూ," అని కృపావతి నన్ను చూసి నవ్వేది.

ఆ ఆగస్టు ఉదయం ఎనిమిదిన్నరకి అబ్రహాము కొండబాబు తెచ్చిన కన్వర్టరుతో అక్విడెక్టు మీద ఉన్నాడు. మొదటి ఎర్రనీరు దిగింది. వేసవిలో నడిచి దాటే పాయ నిండుగా పారుతోంది. తెల్లారే గన్నవరం వచ్చి కూరగాయలు అమ్ముకున్న లంక ఆడవాళ్ళు తిరిగి వెళుతున్నారు. లంకలో కూలికి పోయేవాళ్ళు కూడా ఎక్కారు. పడవ రేవు విడుస్తుండగా ఏడు ఫొటోలు తీశాడు. ఎనిమిదోది తీద్దామని చూస్తుంటే, మసకమసగ్గా కనిపించే ఆ చిన్న కిటికీలో పడవ ఒక పక్కకి ఒరిగింది. కెమెరా అక్కడే గోడ మీద వదిలేసి, కేకలు వేసుకుంటూ రేవుకి పరుగెత్తాడు. ఇద్దరిని జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాడు. మూడో మనిషి చెయ్యి అందినట్టే అంది జారిపోయింది.

సాయంత్రానికి ఎనిమిది శవాలు దొరికాయి.

రేవుని వేలంలో పాట పాడుకున్నవాడు త్రిమూర్తులు. పడవా అతనిదే, లంకలో పండే అరటి మొత్తం కొనేదీ అతనే. ఆ రాత్రికి రాత్రే మనుషుల్ని లంకకి పంపాడు. "ఇరవై నాలుగు దాటి చెబితే పడవ ఆపేస్తారు. మీ గెలలు ఎవరు కొంటారు, మీ పిల్లలు బడికి ఎలా దాటుతారు?" అని అడిగించాడు. లైసెన్సు ఇరవై నలుగురికే మరి. మర్నాడు మండలాఫీసులో పదహారుమంది మాత్రమే వచ్చి, "మేమే అండి, పోయినవాళ్ళతో కలిపి ఇరవై నలుగురం" అని వేలిముద్రలు వేశారు. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కువమంది ఉన్నారని చెబితే, "భయంలో లెక్క తప్పుతున్నారు" అని గుమాస్తా రాసుకోలేదు. నేను మండలాఫీసు బల్ల దగ్గర నిలబడి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. రేవు దాకా కూడా వెళ్ళలేదు. అయిదు నిమిషాల నడక.

శవాలు దొరకని వాళ్ళు మరో ముగ్గురున్నారు. లెక్క ఇరవై నాలుగే కాబట్టి ఆ ముగ్గురూ పడవే ఎక్కలేదన్నారు. ఏలీయా అనే ముసలాయన కూతురి ఊరు వెళ్ళి ఉంటాడన్నారు. పొద్దున్నే ట్యూషనుకి గన్నవరం వచ్చిపోయే ఇంటరు పిల్ల సత్యశ్రీ ఎవరితోనో వెళ్ళిపోయిందన్నారు. దొండకాయలు అమ్ముకునే లోవమ్మ గురించి అన్నది అన్నిటికన్నా ఘోరం. ఏజెంటు వ్యానెక్కి కువైట్ పోయిందట. మొగుణ్ణీ ఏడేళ్ళ కూతుర్నీ వదిలేసి పోయిందట. టీ కొట్టు దగ్గర ఈ మాట నేను నా చెవులతో విన్నాను. చెప్పినవాడు నవ్వుతూ చెప్పాడు.

నాలుగో రోజున లోవమ్మ భర్త అప్పారావు మెట్లెక్కి స్టూడియోకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. గుమ్మం దగ్గరే నిలబడి, తువ్వాలు చేతుల్లో నలుపుతూ అడిగాడు.

"మా ఆడమనిషి పాసుపోర్టు ఫొటో దిగడానికి మీ దగ్గరికొచ్చిందాండి?"

"ఎవరన్నారండీ?" అన్నాడు అబ్రహాము.

"త్రిమూర్తులుగారి మనుషులండి. షారోనులో ఫొటో దిగింది, కావాలంటే అడుక్కో అన్నారండి. మీరు వచ్చిందంటే... వచ్చిందనే అనుకుంటానండి. ఎక్కడో బతికుందనుకుంటాను."

అబ్రహాము మొహం నల్లబడిపోయింది. పాసుపోర్టు ఫొటోలు తీసిన వాళ్ళ పేర్లున్న పుస్తకం తెచ్చి అప్పారావు ముందు పెట్టాడు. అతనికి చదువు రాదు. నన్ను చదవమన్నాడు. ఆర్నెల్ల పేర్లు చదివాను. లోవమ్మ లేదు.

"ఆవిడ ఇక్కడికి రాలేదండి," అన్నాడు అబ్రహాము. "కానీ అప్పారావుగారూ, ఆ రోజు పొద్దున్న నేను పడవని తీసేను. ఆ రీలు కడగడానికి నాకు చేతులు రాలేదండి."

కృపావతి ఆ రీలు తీసుకుని చీకటిగదిలోకి వెళ్ళింది. రెండు గంటల తరవాత తడి ప్రింటు పట్టుకొచ్చింది. పెద్ద సైజు. ఇసక చల్లినట్టు గరుకుగా ఉంది. అంచులు కరిగిపోయాయి. నడిమి భాగం మాత్రం తేటగా ఉంది. మనుషులు మనుషుల మీద పడి ఉన్నారు. మొహాలు పోల్చడం కష్టం.

అప్పారావు చాలాసేపు చూశాడు. తరవాత వేలు పెట్టాడు.

"ఈ గంపండి. అంచు చిరిగిపోతే తెల్ల యూరియా సంచి ముక్క కుట్టేను. ఇదిగోండి తెల్లగా. కుట్టింది నేనేనండి." గంప కింద ఉన్న ఆ చిన్న మసక మొహం మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాడు.

అబ్రహాము, కృపావతి, నేను కలిసి తలలు లెక్కపెట్టాం. యాభై మూడు.

నేను ఆ రోజే ఫొటో తీసుకుని రాజమండ్రి ఆఫీసుకి వెళ్ళాను. తప్పు వార్త రాశాను, దిద్దుకుంటానన్నాను. డెస్కులో ఉన్నాయన ఫొటో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మునుగుతున్న ఫొటో లేదా?"

"లేదండి. అప్పుడాయన మనుషుల్ని లాగుతున్నాడు."

"ఇది మామూలుగా పోతున్న పడవ కదండీ. పైగా ఇంత గరుకు. దేంతో తీశాడు?"

చెప్పాను. నవ్వాడు. నేను రాసిచ్చిన దిద్దుబాటు కూడా వేయలేదు. "విచారణ అయ్యాక చూద్దాం" అన్నాడు.

విచారణకి ఆర్డీవో సెప్టెంబరులో గన్నవరం వచ్చారు. అబ్రహాము ఫొటో ఇచ్చాడు. త్రిమూర్తులు వకీలుని పెట్టుకున్నాడు. ఆ వకీలు ఒక పెద్ద ఊరి స్టూడియో యజమానిని నిపుణుడని పిలిపించాడు. ఖరీదైన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఫొటో చేతిలోకి తీసుకోకుండానే చెప్పాడు.

"టెలీ లెన్సుతో దూరం నుంచి తీస్తే ముందున్నవీ వెనకున్నవీ అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి సార్. పది అడుగుల దూరంలో ఉన్న ఇద్దరు భుజాలు రాసుకుంటున్నట్టు ఉంటారు. ఇక్కడ పాత లెన్సుకి వెనక కన్వర్టరు తగిలించారు. బొమ్మలో స్పష్టత కూడా లేదు. ఒక తల రెండు తలల్లా కనపడొచ్చు."

"మూడొందల రూపాయల లెన్సండీ," అని వకీలు అందించాడు. గదిలో కొందరు నవ్వారు. ఆర్డీవో ఫొటోని ఫైల్లో పెట్టి, "పరిశీలిస్తాం" అన్నారు.

బయటికి వచ్చాక అబ్రహాము అరిచినట్టే మాట్లాడాడు. అతను గొంతు పెంచడం అంతకు ముందు నేనెరగను.

"ఆయన చెప్పింది నిజవేనండి రామ్మూర్తిగారూ! అందుకే నాకు ఒళ్ళు మండిపోతోంది. దూరాన్నుంచి తీస్తే దగ్గరగా ఉన్నట్టే కనపడతారు. ఆయ్, ఒప్పుకుంటాను. నిజం చెప్పి అబద్ధానికి సాయం చేసేడండి ఆయన! లెన్సు మనుషుల్ని దగ్గరకి లాగితే లాగింది. లేని మనిషిని పుట్టిస్తాదా? ఆడమనిషి నీళ్ళలో కొట్టుకుపోయింది, కువైట్ పోయిందంటారా? ఆ పిల్ల లేచిపోయిందంటారా? నా లెన్సు చవకదైతే వాళ్ళ ప్రాణం కూడా చవకేనాండీ?"

నా వార్త కత్తిరించి వకీలు తన ఫైల్లో అంటించుకోవడం నేను అప్పుడే చూసి వచ్చాను.

దారి చూపించింది కృపావతి. మరో ప్రింటు వేస్తూ చీకటిగదిలోంచి పిలిచింది.

"ఏవండీ, పాత టెస్టుల్లో పదిహేడు అంకె నీళ్ళకి పైన జానెడు ఎత్తులో ఉండేది కదా. ఇందులో అంకె సగవే కనపడుతోందేంటండీ?"

పాత నెగటివులు తీసి చూశారు. నోటుబుక్కు చూసి తేదీలు సరిపోల్చుకున్నారు. ఏ రోజు చూసినా అంకె పూర్తిగా నీళ్ళకి పైనే ఉంది. ఆ రోజు మాత్రం సగం మునిగి ఉంది. పడవలో బరువు పెరిగితేనే పడవ దిగుతుంది. లెన్సుకీ దానికీ సంబంధం లేదు.

"వేరే వేరే రోజులంటారండి, నీళ్ళు వేరంటారు," అన్నాడు అబ్రహాము. "ఒకే రోజున, ఒకే చోటునుంచి, లెక్కపెట్టి ఎక్కించి తీస్తాను. అప్పుడేమంటారో చూద్దాం."

ఎగువ రేవులో అదే వడ్రంగి చేసిన, అదే కొలతల పడవ ఒకటి ఉంది. దాని మనిషికి త్రిమూర్తులంటే పడదు కాబట్టి ఇచ్చాడు. మునిగాక పైకి లాగి ఒడ్డున పడేసిన త్రిమూర్తులు పడవ దగ్గరికెళ్ళి, అంకె ఎంత ఎత్తులో ఉందో తాడుతో కొలిచి, అడిగి తెచ్చిన పడవ మీద అదే ఎత్తున పదిహేడు రాశాడు. ఇక మనుషులు కావాలి. అప్పారావు ఇల్లిల్లూ తిరిగాడు. ఆదివారం పొద్దున్నకి లంక నుంచి అరవైమంది దాకా వచ్చారు. త్రిమూర్తులు మనుషులు గట్టు మీద నిలబడి ఎవరెవరు వస్తున్నారో చూశారు. అయినా ఎవరూ వెనక్కి పోలేదు.

పడవని మోకాలి లోతు దాటిన చోట రెండు మోకులతో ఒడ్డుకి కట్టారు. ఎక్కమంటే ఎవరూ కదల్లేదు. ఆ నీళ్ళే, ఆ రేవే. ఒకామె చెంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. అప్పారావు నీళ్ళలో దిగి మొదట ఎక్కాడు. ఫొటోలో గంప ఉన్న చోటికే వెళ్ళి నిలబడ్డాడు. తరవాత ఒక్కొక్కరూ ఎక్కారు. లెక్కపెట్టింది నేను, గట్టిగా, అందరికీ వినపడేలా. ఈసారి తప్పు రాయదలుచుకోలేదు.

ఇరవై నలుగురు ఎక్కగానే చెయ్యి ఊపాను. అక్విడెక్టు మీద అబ్రహాము తీశాడు. నలభైమంది ఎక్కాక మళ్ళీ ఊపాను. అంకె పాదాలు నీటికి తగులుతున్నాయి. యాభై మూడోవాడు ఎక్కేసరికి పదిహేడు నడుం దాకా మునిగింది. ఎవరైనా దగ్గినా పడవ ఊగుతోంది. నేను మూడోసారి చెయ్యి ఊపి, "దిగండి, దిగండి" అని అరిచాను.

రెండో విచారణలో అబ్రహాము నాలుగు ప్రింట్లు ఆర్డీవో బల్ల మీద పరిచాడు. ప్రమాదం రోజుదొకటి, ఆదివారంవి మూడు. అదే లెన్సు, అదే కన్వర్టరు, అదే ఇసక సంచి.

"ఇరవై నలుగురు ఉంటే నా లెన్సులో ఇలా ఉంటాదండి. మధ్యలో పలకలు కనపడుతున్నాయి చూడండి. అతుక్కుపోలేదు. ఇది యాభై మూడు. ఇది ఆ రోజుది. మనుషుల్ని దగ్గరకి లాగిందన్నారు, సరేనండి. నీళ్ళని కూడా పైకి లాగిందంటారా?"

ఆర్డీవో భూతద్దం తెప్పించుకుని చాలాసేపు చూశారు. తరవాత నిపుణుడి వైపు తిరిగారు.

"నీటి మట్టం కూడా లెన్సు వల్ల మారుతుందా?"

ఆ మనిషి వకీలు వైపు చూశాడు. ఫొటోల వైపు చూశాడు. ఈసారి చేతిలోకి తీసుకుని చూశాడు.

"మారదండి," అన్నాడు.

అప్పుడు వెనక నుంచి ఒకామె లేచింది. "లోవమ్మ నా పక్కనే నిలబడిందండి. గంప నా మోచేతికి గుచ్చుకుంటే జరగమన్నాను కూడానండి." ఆమె వెనక ఇంకొకామె లేచింది. సత్యశ్రీ పుస్తకాల సంచి తన ఒళ్ళో పెట్టుకున్నానంది. ఏలీయాకి పడవెక్కడానికి చెయ్యి అందించానని ఒక మగవాడు చెప్పాడు. నెల రోజులుగా భయంతో మూసుకున్న నోళ్ళు అన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. గుమాస్తా రాయలేక కాగితాలు అడిగాడు.

జనవరిలో నివేదిక వచ్చింది. పడవలో కనీసం యాభై మూడుమంది ఉన్నారని, దొరకని ముగ్గురూ మునిగి చనిపోయినట్టే భావించాలని రాశారు. అప్పారావు మరణ ధ్రువపత్రం తెచ్చుకుని, లోవమ్మ పేరున పెద్దదినం చేసి లంక అంతటికీ అన్నం పెట్టాడు. ఏజెంటు వ్యాను కథ చెప్పినవాడు కూడా వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. అప్పారావు చూశాడు. అందరితోపాటే అతనికీ వడ్డించాడు. అబ్రహాము మాత్రం ఆ బంతిలో కూర్చోనని లేచి బయటికి వచ్చేశాడు.

త్రిమూర్తులు లైసెన్సు రద్దయింది. జుల్మానా వేశారు. మరుసటి ఏడు రేవు పాట అతని బావమరిది పాడుకున్నాడు. ఒడ్డున పడేసిన ఆ పడవకే తారు పూసి, అంకె మార్చి, మళ్ళీ నీళ్ళలోకి దింపారు. ఎవరిని అడిగినా "రూల్సు ప్రకారమేనండి" అన్నారు. నా దిద్దుబాటు లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. ఫొటో రాలేదు.

తరవాతి ఏళ్ళలో డిజిటల్ వచ్చింది. చీకటిగది అక్కర్లేకపోయింది. కృపావతి కంప్యూటరు నేర్చుకుంది. అబ్రహాము పాసుపోర్టు ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. ప్రతి వరదకీ రేవుకి పోయి, కెమెరా మెడలో వేసుకుని, ఎక్కేవాళ్ళని పైకే లెక్కపెట్టేవాడు. రెండుసార్లు పడవవాళ్ళు చెయ్యి చేసుకున్నారు. ఒకసారి కళ్ళజోడు పగిలింది. పోవడం మానలేదు.

2008లో మా డెస్కు నుంచి నాకు ఫోను వచ్చింది. వరదలు, పడవ ప్రమాదాల మీద పేజీ వేస్తున్నారట. అప్పట్లో ఎవరో లోకల్ ఫొటోగ్రాఫరు తీసిన పడవ ఫొటో ఉండాలి కదా, పంపించమన్నారు. నేను మేడెక్కి అబ్రహాముకి చెప్పాను. అతను ఒక పింఛను ముసలమ్మకి ఫొటో తీస్తున్నాడు.

"ఇస్తానండి. ఫొటో కింద ముగ్గురి పేర్లూ వేస్తారా? ఏలీయా, సత్యశ్రీ, లోవమ్మ. నా పేరు అక్కర్లేదండి."

అక్కడే నిలబడి డెస్కుకి ఫోను చేశాను. ఫొటో కింద ఒక్క లైనుకే చోటుంది, పేర్లు కుదరవన్నారు.

"పడవెక్కలేదన్నారు, లేచిపోయిందన్నారు, కువైట్ పోయిందన్నారు. అన్ని మాటలకి చోటు దొరికిందండి వాళ్ళకి," అన్నాడు అబ్రహాము. "మూడు పేర్లకి లేదా? ఇవ్వనని చెప్పండి." ముసలమ్మ వైపు తిరిగి, "కొంచెం తల ఎత్తమ్మా," అన్నాడు.

ఇవ్వనన్నాడని చెప్పి ఫోను పెట్టేశాను. మర్నాడు పేజీ వచ్చింది. మన రేవు గురించి రాసిన చోట ఏదో కేరళ పడవ బొమ్మ వేశారు. చుట్టూ కొబ్బరిచెట్లున్నాయి కదా, ఎవరికి తెలుస్తుందనుకున్నారో.